పాయింట్ల బండికి కొత్త నిప్పు

మా కాలేజీలో నన్ను తెలుగు మేష్టారనేవాళ్ళ కంటే బుల్లెట్ మేష్టారనేవాళ్ళే యెక్కువ. ఛందస్సు చెప్పవలసిన మనిషి చేతికి ఆ గ్రీజేమిటని ప్రిన్సిపాలు గారు వొకసారి అడిగారు కూడాను. బండి నాది కాదండీ, మా నాన్నగారిది అని చెప్పి తప్పించుకున్నాను. ఆయన పోయి ఆరేళ్ళయింది. బండి మాత్రం ఇప్పటికీ ఆయనదే.

పర్చూరు అవతల మా వూరు. నల్లరేగడి నేల. పత్తి, మిరప తప్ప మూడోమాట వినపడని చోటు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ పెట్టారు. అక్కడి బుల్లెట్లు సైన్యంలో చేరి సరిహద్దుల్లో పేరు తెచ్చుకున్నాయి. మా వైపు మాత్రం పురుగుమందు డబ్బాలూ, గుంటూరు మిర్చియార్డు బిల్లులూ, సంబంధాలు చూడబోయే పెద్దమనుషులనూ మోసి తెచ్చుకున్నాయి. 1987లో తెల్లదోమ పత్తిని నాకేసింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులకు తాళలేక ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. ఆ యేడు నాన్న ఎడ్లజతను అమ్మారు, అమ్మ గాజులు అమ్మారు, బండి జోలికి మాత్రం పోలేదు. "ఇంకో అప్పు అడగడానికి గుంటూరు పోవాలన్నా అదుండాలిగా!" అన్నారట.

అల్లాంటి బండి నిరుడు మాఘమాసంలో నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టింది. నాన్న తద్దినం పెట్టి, అమ్మను వెనక కూర్చోబెట్టుకుని గుంటూరు వస్తున్నాను. బస్సెక్కమంటే ఆవిడ వినలేదు. చిలకలూరిపేట యింకా నాలుగు మైళ్ళుందనగా బండి రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది. పొద్దు వాలుతోంది. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు యెర్రగా ఆరబోసి వున్నాయి. ఆ ఘాటుకు అమ్మ వొకటే దగ్గు. అక్కడ కాపలా వున్న ముసలాయన నులకమంచం వాల్చి ఆవిడను కూర్చోబెట్టాడు.

నేను డిస్ట్రిబ్యూటరు మూత విప్పాను. డిస్ట్రిబ్యూటరన్నది పేరేగాని, బుల్లెట్‌కు వున్నది వొకటే ప్లగ్గు, పంచడానికేమీ లేదు. ఆ మూత కిందే వుంటాయి సీబీ పాయింట్లు. రెండు చిన్న లోహపు మొనలు. కామ్ తిరిగినప్పుడల్లా వొక ఫైబరు మడమ పైకి లేచి వాటిని విడదీస్తుంది. అవి విడిపోగానే కాయిల్లో పారే కరెంటు తటాలున తెగుతుంది. ఆ తెగడంలోనే వున్నది కిటుకంతా: బ్యాటరీలోని కాసిని వోల్టులు కాయిల్లో వేల వోల్టులై ప్లగ్గు దగ్గర నిప్పురవ్వగా రాలతాయి. పక్కనున్న కండెన్సరు ఆ పాయింట్ల మధ్య మంట లేవకుండా కాస్తుంది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో మోటారుకార్ల కోసం కుదిర్చిన పద్ధతి ఇది. ప్రపంచమంతా అరవై డెబ్బై యేళ్ళు దీనిమీదే నడిచిందంటే అతిశయోక్తి కాదు.

పాయింట్ల మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటరు దాకా వుండాలి. యతిస్థానం లాంటిదన్నమాట. అక్షరం అటో యిటో జరిగితే పద్యం కుంటినట్టే, రవ్వ ముందో వెనకో పడితే ఇంజను కుంటుతుంది. మరీ ముందు పడితే కిక్కు వెనక్కి తన్ని కాలు విరగ్గొడుతుంది. పద్యానికి ఆ శక్తి లేదు. ఇంజను నిమిషానికి మూడువేల చుట్లు తిరుగుతుంటే పాయింట్లు పదిహేనువందలసార్లు విడిపోతాయి. గంటకు తొంభైవేలు! మడమ అరగదూ? అరిగిన కొద్దీ సందు మూసుకుపోతుంది. మా బండికి జరిగింది అదే. వారం నుంచి పొద్దున్నే స్టార్టు కావడానికి మొరాయిస్తోంది, నోటీసు యిస్తోందన్నమాట. పరీక్ష పేపర్లు దిద్దే హడావుడిలో నేనా నోటీసు చదవలేదు.

స్క్రూడ్రైవరుతో పాయింటును జరిపి, అమ్మ సంచిలో దొరికిన పోస్టుకార్డు మడతపెట్టి సందు కొలిచి బిగించాను. కొలత సరిగ్గా కుదిరిందని చెప్పను. కాని బండి కదిలింది, యిల్లు చేరాం. ఆ రాత్రి అమ్మకు ఆయాసం వచ్చి డాక్టరు గారి దాకా వెళ్ళవలసి వచ్చింది. దగ్గు వల్ల వచ్చిందో, చలిగాలి వల్ల వచ్చిందో గాని, తప్పు నాదేననిపించింది.

మర్నాడే మేస్త్రీ దగ్గరికి పోయాను. నాన్నగారి కాలం నుంచీ ఆ బండి చూసేది ఆయనే. నేను బాబాయ్ అంటాను, ఆయన మాస్టారూ అంటాడు. నన్ను నిక్కర్లలో చూసినవాడే గాని, లెక్చరరు పని దొరికిన రోజు నుంచీ మర్యాద మార్చాడు.

"పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ పెట్టెయ్ బాబాయ్."

ఆయన బీడీ ఆర్పాడు. "పెడతా. పాయింటు ముసలాడి దగ్గు లాంటిది మాస్టారూ, వారం ముందే చెబుతుంది. అది గుండెపోటు. చెప్పదు."

"పాయింటూ చెప్పింది, నేనే వినలేదుగా!"

"మీ నాన్నగారైతే వినేవారు" అన్నాడు. అనేసి నా మొహం చూసి, అప్పుడే పని మొదలుపెట్టాడు.

కిట్‌లో వున్నదేమంటే, పాయింట్ల పళ్ళెం తీసి అక్కడ వొక సెన్సరును బిగిస్తారు. తిరిగే ఇరుసుకు చిన్న అయస్కాంతం తగిలిస్తారు. అయస్కాంతం యెదురుపడగానే సెన్సరు పసిగట్టి, పెట్టెలో వున్న ట్రాన్సిస్టరు చేత కాయిల్ కరెంటు తెంపిస్తుంది. ఎడ్విన్ హాల్ అనే అమెరికన్ 1879లో కనిపెట్టిన సూత్రం ఇది. కరెంటు పారే లోహానికి అయస్కాంతం చేరువైతే అడ్డంగా కాస్త వోల్టేజి పుడుతుంది. రాపిడి లేదు, మడమ లేదు, అరుగుదల లేదు. మనదేశంలో 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100కు పుట్టుకతోనే పాయింట్లు లేవు. ఇంగ్లండులో పాత బండ్లకోసం బోయర్ బ్రాన్స్‌డెన్ వంటివాళ్ళు అప్పటికే యిల్లాంటి కిట్లు చేస్తున్నారు. అంచేత ఇది కొత్త వింతేమీ కాదు, మనమే ఆలస్యం. చాలా కిట్లు 12 వోల్టులకే పనికొస్తాయి. పాత 6 వోల్టుల బండివాళ్ళు ముందు ఆ మార్పు చేయించుకోవలసిందే.

టైమింగ్ లైటు పెట్టి చూస్తే గీత కదలకుండా నిలబడింది. పాయింట్లున్నప్పుడు ఇరుసు లొడుగుకు ఆ గీత వణికేది. మొదటి కిక్కుకే స్టార్టయింది. నిలకడ మీద ఆ డుబ్ డుబ్ మంటూ యెంత నెమ్మదిగా వుందనుకున్నారు! మేస్త్రీ కూడా తల వూపాడు, ఇష్టం లేకుండానే.

వొక్క నష్టం మాత్రం నాకు తెలిసొచ్చింది. నాన్న నాకు కిక్కు కొట్టడం నేర్పింది అమ్మీటరు ముల్లు చూపించి. తాళం తిప్పి కిక్కును మెల్లగా నొక్కుతూ పోతే, పాయింట్లు కలిసినప్పుడు ముల్లు వొక పక్కకు వాలుతుంది, విడిపోగానే నడిమికి వస్తుంది. అప్పుడు డీకంప్రెషన్ లివరు నొక్కి, పిస్టన్‌ను కాస్త దాటించి, ఆపైన వొక్క తన్ను. "ముల్లు చెప్పిందాకా కాలెత్తకు" అనేవారు. మా కిట్‌లో ఇంజను నిలిచి వుంటే కాయిల్‌కు కరెంటే పోదు. ముల్లు కదలదు. ఆ పాఠం మా అబ్బాయికి చెబుదామంటే చూపించేందుకేమీ లేదు.

మే నెలలో మేస్త్రీ మాట నిజమైంది. కాలేజీ నుంచి వస్తుంటే తుమ్మూ లేదు, దగ్గూ లేదు, చటుక్కున ఆగింది. మూత విప్పితే యేముంది? నల్లటి లక్క పోసి మూసేసిన పెట్టె. దానికి స్క్రూడ్రైవరుతోగాని పోస్టుకార్డుతోగాని చేసే వైద్యం లేదు. ఆ యెండలో మూడు కిలోమీటర్లు తోసుకుంటూ పోయాను. చమటతో వచ్చిన నన్ను చూసి మేస్త్రీ నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. మీటరు పెట్టి చూశాడు.

"దీని తప్పు లేదు మాస్టారూ. బ్యాటరీ పది వోల్టులకు కిందికి పోయింది. పాయింట్లయితే నీరసంగానైనా రవ్వ యిచ్చేవి. ఇది ఆకలికి తాళలేదు."

బ్యాటరీ కొత్తది వేయించాను, చార్జింగు సరిచేయించాను. ఎలక్ట్రానిక్ పెట్టించుకునేవాళ్ళు ముందు చెయ్యవలసిన పని ఇదే. నేను చివర చేశాను. ప్లగ్గు మూత కూడా రెసిస్టరు వున్నదే వెయ్యాలట, లేకపోతే రవ్వ నుంచి వచ్చే అలజడికి ఆ పెట్టె తికమకపడుతుంది.

లేచి వస్తుంటే మేస్త్రీ అలమర నుంచి వొక చిన్న డబ్బా తీసి చేతిలో పెట్టాడు. నాన్నగారి పాత పొడుం డబ్బా. యెప్పుడు మరచిపోయి వెళ్ళారో! లోపల మా బండి పాత పళ్ళెం, కొత్త పాయింట్లు, వొక కండెన్సరు, నాలుగు స్క్రూలు. "కిట్ పోతే మూడు తీగలు మార్చుకుని ఇవి బిగించుకోండి. పావుగంట పని" అన్నాడు. అక్కడే కూర్చోబెట్టి నా చేత రెండుసార్లు విప్పించి బిగింపించాడు. డబ్బు తీసుకోలేదు.

ఈ యేడు తద్దినం నుంచి వస్తూ మళ్ళీ అమ్మే వెనక కూర్చుంది. ఈసారి ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుంది. ఆ కల్లాల దగ్గర ముసలాయన కనిపిస్తే ఆగి పలకరించాం. మళ్ళీ బయలుదేరాక చాలాసేపు మాట్లాడలేదు.

"చప్పుడు మారలేదు గదరా?" అంది చివరికి.

"మారలేదమ్మా."

అప్పటికి చిలకలూరిపేట దాటేశాం.