కరెంటు చవక చేసిన న్యాయవాది

విద్యుత్తు సూత్రాలను కనుగొన్నవారు శాస్త్రజ్ఞులు. దానిని పుట్టించే యంత్రాలను నిర్మించేవారు ఇంజనీర్లు. మరి యూనిట్ ధర ఎంత ఉండాలో తేల్చేది ఎవరు? అక్కడ న్యాయవాదికీ పని ఉంది! డేవిడ్ లిలియెంతాల్ కథ వింటే ఆ సంగతి మీకే బోధపడుతుంది.

ఆయన 1899లో అమెరికాలో జన్మించాడు. 1923లో హార్వర్డ్‌లో న్యాయశాస్త్ర పట్టా పొంది, షికాగోలో న్యాయవాది అయ్యాడు. 1931లో విస్కాన్సిన్ రాష్ట్రంలో కరెంటు, టెలిఫోన్ ధరలను అదుపుచేసే ప్రభుత్వ సంఘంలో చేరాడు. 1933లో టెన్నెస్సీ నదీలోయ అభివృద్ధికి టి.వి.ఎ. అనే సంస్థ ఏర్పడింది. దాని ముగ్గురు డైరెక్టర్లలో ఆయన ఒకడు. విద్యుత్తు బాధ్యత ఆయనదే.

ఆనాడు అమెరికా పల్లెల్లో పది కమతాలకు సుమారు ఒకదానికే కరెంటు ఉండేది. పల్లెవాళ్లు ఎక్కువ వాడరు కనుక తీగలు లాగితే నష్టమని కంపెనీల వాదం. ధర ఎక్కువ కనుకనే వాడడం లేదని లిలియెంతాల్ వాదం.

ఇందులోని లెక్క చూడండి. 1000 వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. జలవిద్యుత్తుకు బొగ్గు కొననక్కరలేదు. పైనుంచి దూకే నీరే టర్బైన్‌ను తిప్పుతుంది. ఖర్చు చాలావరకు ఆనకట్టకు, స్తంభాలకు, తీగలకే. అది ఏడాదికి 1000 రూపాయలనుకుందాం. 500 యూనిట్లు వాడితే యూనిట్‌కు 2 రూపాయలు పడుతుంది. 2000 యూనిట్లు వాడితే 50 పైసలే!

1934లో మిసిసిపీ రాష్ట్రంలోని టుపెలో పట్టణం మొట్టమొదటగా టి.వి.ఎ. కరెంటు కొన్నది. నెలకు మొదటి 50 యూనిట్లకు ధర యూనిట్‌కు 3 సెంట్లు. ఆపైన ఇంకా తక్కువ. వాడకం నిజంగానే పెరిగింది. వ్యాజ్యాలు నడిచాయి. విల్సన్ ఆనకట్ట కరెంటును అమ్మే హక్కు ప్రభుత్వానికి ఉన్నదని 1936లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అయితే ఈ వెలుగుకు మరొక మూల్యం ఉంది. 1936లో పూర్తయిన నోరిస్ ఆనకట్ట కోసం సుమారు 3 వేల కుటుంబాలు ఇళ్లూ పొలాలూ వదలవలసి వచ్చింది. యూనిట్ ధరలో ఆ నష్టం కనిపించదు.

మన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ 1948లో టి.వి.ఎ. నమూనాలోనే ఏర్పడింది. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కరెంటు ధరలను విద్యుత్ నియంత్రణ మండళ్లు నిర్ణయిస్తున్నాయి. వాటి బహిరంగ విచారణలలో సామాన్య వినియోగదారులు కూడా మాట్లాడవచ్చు. ఎండకూ గాలికీ కూడా వెల లేదు; ఖర్చంతా సౌరఫలకాలకు, గాలిమరలకే. కనుక లిలియెంతాల్ వేసిన లెక్క ఇప్పటికీ పనికివస్తుంది.

మీ ఇంటి బిల్లు తీసి చూడండి. వాడకం పెరిగినకొద్దీ యూనిట్ ధర తగ్గుతున్నదా, పెరుగుతున్నదా? ఎందుకై ఉంటుందో తరగతిలో చర్చించండి!