ప్యాడ్ పెళ్ళిలోనే ఎందుకు ఆగిపోతుంది?

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (ఫిజిక్స్)



మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఇవాళ ప్యాడ్ లేకుండా బరాత్ కదలదు. గణేశ్ నిమజ్జనమైనా, బతుకమ్మ ఆటైనా, చివరకు మన హాస్టల్ వార్షికోత్సవమైనా, స్టాండు మీద రబ్బరు పలకలున్న నల్లపెట్టె ఒకటి కనిపించాల్సిందే. దాన్ని మనం ఆక్టాప్యాడ్ అంటాం. నిజానికి అది జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1985లో తెచ్చిన ఒక యంత్రం పేరు. జిరాక్స్ లాగే కంపెనీ పెట్టిన పేరే వస్తువు పేరై కూర్చుంది. విచిత్రమేమిటంటే, ఆ మొదటి ఆక్టాప్యాడ్‌లో అసలు శబ్దమే లేదు. కొడితే ఇంకో యంత్రానికి "ఇప్పుడు మోగు" అని కబురు పంపేది, అంతే.

ఈ పెట్టె సరిగ్గా పనిబడ్డ రోజే మొరాయిస్తుందని వాయించేవాళ్ళందరూ చెబుతారు. అది గ్రహచారం కాదు. ఇంట్లో గుడ్డ కప్పి ఉంచిన యంత్రానికి పరీక్షే లేదు కదా. బరాత్‌లో ఎండ, దుమ్ము, జనరేటర్, తోపులాట, బాస్ స్పీకర్ల అదురు అన్నీ ఒకేసారి మీద పడతాయి. అప్పుడు కూడా చాలాసార్లు చెడిపోయేది యంత్రం మెదడు కాదు, దాన్ని అంటిపెట్టుకొని ఉన్న చిన్నా చితకా సామాను.

మా మేనమామ ఒక బ్యాండులో ప్యాడ్ వాయిస్తాడు. అంతకుముందు మా తాతతో కలిసి డప్పు కొట్టేవాడు. వడ్డీకి తెచ్చి, అరలక్షకు పైగా పోసి ప్యాడ్ కొన్నాడు. కొన్నాక ఒక తేడా వచ్చింది. డప్పు కొట్టినన్నాళ్ళూ పందిరి బయట నిలబడ్డ మనిషికి ఇప్పుడు కుర్చీ వేస్తున్నారు. (మోగేది మాత్రం ఆ డప్పే! ఏ ఊరి మనిషి కొట్టగా దాన్ని రికార్డు చేశారో ఎవరికీ తెలియదు. పెన్‌డ్రైవ్ నుంచి పెన్‌డ్రైవ్‌కు నడిచి వచ్చింది.) రెండేళ్ళ కిందట ఒక బరాత్ నడుమ ఆయన ప్యాడ్ ఆగిపోయింది. మిగతా దారంతా డప్పుల మీదే నడిచింది. పెళ్ళివారు మాట్లాడుకున్నదాంట్లో సగమే ఇచ్చారు. ఇంటికొచ్చి మామ నన్ను అడిగిన మాట ఇది: "డప్పు సల్లవడితే మంట చూపిస్తం అల్లుడా, దీనికేం చూపియ్యాలె?"

నేను చదివే చదువుకు ఇంతకన్నా మంచి ప్రశ్న ఎవరూ వేయలేదు. డప్పు కూడా వానకు, మంచుకు సడలుతుంది. కాని దాని రోగం, మందు రెండూ కొట్టేవాడి చేతిలోనే ఉన్నాయి. గుప్పెడు గడ్డి, ఒక అగ్గిపుల్ల చాలు. ప్యాడ్ రోగం లోపల ఉంటుంది, మందు హైదరాబాదులో ఉంటుంది.

మామ ప్యాడ్ సంగతి తర్వాత తేలింది. తోపులాటలో వైరు ఊడింది. చీకట్లో ఎవరో కీబోర్డు అడాప్టర్ తెచ్చి ప్యాడ్‌కు గుచ్చారు. పిన్ను సరిగ్గానే పట్టింది, అదే ప్రమాదం. రోలాండ్ ప్యాడ్‌లకు సాధారణంగా 9 వోల్టులు కావాలి, పిన్ను లోపలి భాగం రుణం, బయటిది ధనం. యమహా చిన్న కీబోర్డుల్లో చాలావాటికి 12 వోల్టులు, లోపలిది ధనం. అంటే వోల్టేజీ ఎక్కువ, దిశ తలకిందులు. ఇలాంటప్పుడు లోపల కాపలాగా ఉండే డయోడ్ తాను కాలిపోయి మిగతాదాన్ని కాపాడుతుంది, అదీ అదృష్టం బాగుంటే. మామ ప్యాడ్‌లో కాలింది ఆ డయోడే. పది రూపాయల వస్తువు కూడా కాదు. అది మార్చి ఇచ్చేసరికి మూడు వారాలు పట్టింది, నాలుగు పెళ్ళిళ్ళు పోయాయి.

అడాప్టర్ మీదా, యంత్రం వెనుకా ఒక చిన్న బొమ్మ ఉంటుంది: నడుమ చుక్క, చుట్టూ అరచంద్రం, రెండు పక్కలా ప్లస్, మైనస్ గుర్తులు. రెండు చోట్లా ఆ బొమ్మ ఒకటే కావాలి, వోల్టులు ఒకటే కావాలి, ఆంపియర్లు మాత్రం అడాప్టర్‌వి ఎక్కువున్నా ఫరవాలేదు. ఈ మధ్య కొందరు వైఫై రూటర్ కోసం అమ్మే చిన్న బ్యాటరీ డబ్బాలను ప్యాడ్‌కు పెడుతున్నారు. ఆలోచన మంచిదే, కాని రూటర్లలో చాలావాటికి లోపలి పిన్ను ధనం. బొమ్మ చూడకుండా పెడితే మామ కథే మళ్ళీ. అంతకన్నా జిరాక్స్ సెంటర్లో కంప్యూటర్ కింద ఉండే మామూలు యూపీఎస్ మేలు. ప్యాడ్ వాడుకునే కరెంటు 20 వాట్లు కూడా ఉండదు కాబట్టి చాలాసేపు నిలబెడుతుంది. ఆంప్లిఫయర్‌ను మాత్రం దానికి తగిలించకూడదు. బాస్ దెబ్బ పడ్డప్పుడల్లా జనరేటర్ మీద బరువు పడి వోల్టేజీ ఊగేది ఆ ఆంప్లిఫయర్ వల్లే.

ఇక జ్ఞాపకశక్తి సంగతి. ఈ యంత్రాలు రెండు రకాలు, చాలావాటిలో రెండూ కలిసే ఉంటాయి. శాంప్లర్ అసలు శబ్దాన్నే దాచుకుంటుంది. సీక్వెన్సర్ శబ్దాన్ని దాచదు. ఏ స్వరం, ఎంత బలంగా, ఎప్పుడు అన్న ఆజ్ఞలను వరుసగా దాస్తుంది. పాటను టేపులో పట్టడానికీ, స్వరాలను నోటుబుక్కులో రాసుకోవడానికీ ఉన్నంత తేడా. కీబోర్డులో "స్టైల్" నొక్కితే తబలా, గిటార్ వాటంతట అవే నడుస్తాయే, అది సీక్వెన్సర్ పనే.

కంపెనీ వేసిన శబ్దాలు రామ్ కాని రోమ్‌లో ఉంటాయి. అచ్చు పుస్తకం లాంటివి, చెరగవు. మనం మార్చుకొని దాచుకున్నవి పాత యంత్రాల్లో పలక మీద రాత లాంటివి. ఆ రాత చెరగకుండా లోపల ఒక బిళ్ళ బ్యాటరీ కాపలా కాస్తుంది. 1988లో వచ్చిన కోర్గ్ ఎం-1లో ఉన్నది గోడ గడియారాల దుకాణంలో కూడా దొరికే సి.ఆర్. 2032 బిళ్ళే. అది సుమారు ఐదు నుంచి పదేళ్ళు కాస్తుంది. అది చచ్చిన రోజు మనిషి కష్టపడి చేసుకున్న శబ్దాలన్నీ మాయం. యంత్రం చెడిపోయిందని అమ్ముకున్నవాళ్ళు కూడా ఉన్నారు. సెకండ్ హ్యాండ్‌లో పాత కీబోర్డు కొనేవాళ్ళు మొదట ఈ బిళ్ళ గురించే అడగాలి.

తొలి శాంప్లర్ల అవస్థ ఇంకా ఘోరం. 1984లో అమెరికాలో వచ్చిన ఎన్సోనిక్ మిరాజ్ ఫ్లాపీ పెట్టకపోతే అసలు మేల్కొనేదే కాదు. ఫ్లాపీ అయస్కాంతం పూసిన పల్చటి పొర. స్పీకర్ పక్కన పెడితే చెరిగిపోవచ్చు, వానాకాలం బూజు పట్టవచ్చు. పైగా పట్టేది ఎంత? సీడీ నాణ్యతలో ఒక సెకను మోనో శబ్దానికి 88,200 బైట్లు కావాలి. తర్వాత వచ్చిన 1.44 ఎంబీ ఫ్లాపీలో కూడా లెక్కకు పదహారు సెకన్లు పడుతుంది. సోనీ కంపెనీ 2011 మార్చిలో జపాన్‌లో ఫ్లాపీల అమ్మకమే ఆపేసింది. పాత యంత్రం పారేయలేనివాళ్ళు ఇప్పుడు ఆ స్థానంలో పెన్‌డ్రైవ్ తీసుకునే డ్రైవ్ బిగించుకుంటున్నారు.

కార్డులు వచ్చాక ఆ బాధ తీరి ఇంకో బాధ మొదలైంది. 2003 నాటి రోలాండ్ ఎస్‌పిడి-ఎస్ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు తీసుకుంటుంది. అంత పాత, చిన్న కార్డులు ఇప్పుడు కొత్తవి వెతికితే గాని దొరకవు. కార్డుగాని, లోపలి ఫ్లాష్ మెమరీగాని, రాస్తున్నప్పుడు కరెంటు పోతే సగం రాత మిగులుతుంది. ఒక్కోసారి సూచిక పేజీయే పాడై, శబ్దాలన్నీ లోపలే ఉన్నా యంత్రానికి కనిపించవు. అందుకే జనరేటర్ మీద నడుస్తున్నప్పుడు సేవ్ చేయకూడదు. చేయాల్సిన మార్పులు ఇంట్లో చేసుకొని, ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో, ఇంకో నకలు స్నేహితుడి కంప్యూటర్లో ఉంచాలి. పెన్‌డ్రైవ్ కూడా ప్యాడ్ సంచిలోనే పెడితే అది నకలు కాదు, సంచి పోతే రెండూ పోతాయి.

సీక్వెన్సర్‌కు తనదైన ఒక జబ్బుంది. 1983లో వచ్చిన మిడి పద్ధతిలో "స్వరం మొదలు" ఒక ఆజ్ఞ, "స్వరం ఆపు" ఇంకో ఆజ్ఞ. ఈ రెంటి మధ్య కేబుల్ కదిలిందంటే "ఆపు" చేరదు. స్వరం ఆగకుండా ఏడుస్తూనే ఉంటుంది. వినేవాళ్ళు వాయించేవాడికి చేతకాలేదనుకుంటారు. చాలా యంత్రాల్లో దీనికోసమే "పానిక్" అనే ఆజ్ఞ ఉంటుంది. అది ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోవాలి. ఇంకొకటి, మిడి తీగలో సెకనుకు 31,250 బిట్లే నడుస్తాయి. ఒక స్వరానికి 30 బిట్లు, అంటే దాదాపు ఒక మిల్లీ సెకను. ఎనిమిది స్వరాలు ఒకేసారి మోగాలంటే చివరిది కాస్త వెనుకబడే తీరుతుంది. అది మన వేలి తప్పు కాదు.

కొట్టకుండానే ప్యాడ్ మోగడం అందరూ చూసే ఉంటారు. దయ్యమేమీ లేదు. బాస్ స్పీకర్ అదురు స్టాండు గుండా పాకి, రబ్బరు కింది సెన్సార్‌కు దెబ్బలా తగులుతుంది. స్టాండును స్పీకర్ ఉన్న బండి మీద కాక వేరుగా నిలబెట్టడం, కుదరకపోతే కింద మందపాటి రబ్బరు వేయడం, సెట్టింగుల్లో "థ్రెషోల్డ్" కొంచెం పెంచడం, ఇవి చాలు. మరీ పెంచితే మెల్లని దెబ్బలు మోగవు.

మే నెలలో రామగుండం వైపు ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. నల్లపెట్టె లోపల ఇంకా ఎక్కువ. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ సగానికి తగ్గుతుందని మా పాఠాల్లో స్థూలంగా ఒక లెక్క చెబుతారు. తెర నల్లబడితే మాత్రం భయపడొద్దు, నీడకు తెస్తే మామూలవుతుంది. పైన తడిగుడ్డ కప్పేవాళ్ళున్నారు, అది వద్దు. గొడుగు చాలు.

జాక్‌ల గురించి రెండు మాటలు. వైరును ఎవరైనా కాలితో లాగితే ఆ దెబ్బ బోర్డు మీది అతుకుకు తగిలి, కంటికి కనిపించని పగులు వస్తుంది. తర్వాత శబ్దం వస్తూ పోతూ ఉంటుంది. వైరును ముందు స్టాండుకు ఒక చుట్టు చుట్టి కట్టి, అక్కడినుంచి జాక్‌కు ఇస్తే లాగుడు స్టాండు మీదే ఆగుతుంది. ఒక ప్లాస్టిక్ టై ఖర్చు.

జాక్ అతుకు, బిళ్ళ బ్యాటరీ, డయోడ్, పట్టు తప్పిన స్విచ్చి, ఈ నాలుగూ సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ ఉన్నవాళ్ళు చేయగల పనులే. మన హాస్టల్‌లో చదివి ఐ.టి.ఐ., డిప్లొమా ఎలక్ట్రానిక్స్ చేసిన అన్నలు కరీంనగర్‌లో, మంచిర్యాలలో, నిర్మల్‌లో ఉన్నారు. టీవీలు, సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. బ్యాండువాళ్ళు వాళ్ళ దగ్గరకు వెళ్ళరు, "ఇది వేరే సామాను" అనుకుంటారు. లోపల ఉన్నది ఆ సామానే. బ్యాటరీ మార్చేటప్పుడు శబ్దాలకు నకలు తీసుకున్నాకే పెట్టె విప్పాలి. మెయిన్ బోర్డు మీది చిప్ పోతే మాత్రం ఇక్కడ చేయి పెట్టించకుండా పెద్ద సర్వీసు సెంటర్‌కు పంపడమే మంచిది.