ఆటలమ్మ వచ్చిందో లేదో రక్తం చెబుతుంది

ఎండలు ముదరకముందే మన డెల్టా ఊళ్లలో ఆటలమ్మ మొదలవుతుంది. గుమ్మానికి వేపమండలు కట్టారంటే ఆ ఇంట్లో ఎవరికో పోసిందని ఊరంతటికీ తెలుస్తుంది. పిల్లలకు చాలావరకు వారం పది రోజుల్లో తగ్గిపోయే ఈ జబ్బు గర్భిణికి సోకితే న్యుమోనియాకు దారితీయవచ్చు. కాన్పుకు 5 రోజుల ముందు నుంచి 2 రోజుల తర్వాత వరకు తల్లికి పొక్కులు లేస్తే పుట్టిన బిడ్డ ప్రాణానికే ముప్పు.

అందుకే గర్భిణులను “చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా?” అని మేము అడుగుతాం. “ఏదో అమ్మవారు పోసిందటండీ” అంటారు. మన వైపు తట్టునూ అమ్మవారనే అంటారు. తట్టు వచ్చినంత మాత్రాన ఆటలమ్మ నుంచి రక్షణ రాదు.

ఈ సందేహం తీర్చేది వారిసెల్లా ఐ.జి.జి. పరీక్ష. కొద్దిగా రక్తం తీసి, ఎలిసా పద్ధతిలో యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూస్తారు. పాజిటివ్ అని వస్తే కంగారు పడకండి. సాధారణంగా అది ఎప్పుడో వచ్చి వెళ్లిన జబ్బు మిగిల్చిన రక్షణ. నెగటివ్ వస్తేనే జాగ్రత్త అవసరం.

పొక్కులు ఉన్నవారికి ఈ పరీక్ష సాధారణంగా అక్కరలేదు. డాక్టరు చూసి చెప్పగలరు. అనుమానం ఉంటే పొక్కులోని నీటికి చేసే పి.సి.ఆర్. పరీక్ష మేలు. ఐ.జి.ఎం. పరీక్ష ఒక్కోసారి తప్పుగా పాజిటివ్ చూపుతుంది.

సర్పి కూడా ఈ వైరస్ వల్లే వస్తుంది. నరాల్లో దాగి, ఏళ్ల తర్వాత మళ్లీ లేస్తుంది. అత్తగారి సర్పి పొక్కుల నీరు తగిలితే రక్షణ లేని కోడలికి ఆటలమ్మ రావచ్చు.

ఇంట్లో ఎవరికైనా పొక్కులు లేస్తే గర్భిణి తనకూ వచ్చేదాకా ఆగకూడదు. జబ్బు బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. రక్షణ లేనివారికి ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ 10 రోజుల్లోపే పడాలి, ఎంత తొందరగా పడితే అంత మంచిది. అది అన్నిచోట్లా దొరకదు. బదులుగా యాసిక్లోవిర్ మాత్రలు వాడాలా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. అవనిగడ్డ నుంచో కైకలూరు నుంచో రక్తం విజయవాడ లేబొరేటరీకి చేరి ఫలితం రావడానికీ సమయం పడుతుంది. కనుక ఆ రోజే ఫోన్ చేసి చెప్పండి. తిన్నగా వచ్చి తోటి గర్భిణుల మధ్య కూర్చోవద్దు.

గర్భిణికి ఆటలమ్మ టీకా వేయరు. పెళ్లి కుదిరిన అమ్మాయిలు ముందే పరీక్ష చేయించుకుని, నెగటివ్ అయితే రెండు డోసులు వేయించుకోవడం మంచిది. ప్రతి డోసు తర్వాత కనీసం నెల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి.