మునిగినా ఓపిక పట్టే వరి!

పచ్చి మామిడికాయల్ని గడ్డిలో కప్పి పెడితే కొన్ని రోజులకి ఘుమఘుమలాడే పళ్లు రెడీ. వాటిని మాగబెట్టేది ఇథిలీన్ అనే వాయువు. కాయే దాన్ని తయారుచేసుకుంటుంది, మూసిపెట్టిన చోట అది బయటికి పోలేక పోగవుతుంది. సరిగ్గా ఇదే వాయువు వరదలో మునిగిన వరి చేను బతకాలా, పోవాలా అన్నది కూడా తేలుస్తుందంటే నమ్ముతారా?

కదల్లేని ప్రాణి ఏం చేస్తుంది?

ఎండ ముదిరితే మనం నీడకి పోతాం, వరదొస్తే మెట్ట ఎక్కుతాం. మొక్కకి ఆ చాన్స్ లేదు. మెదడు లేదు, నరాలు లేవు. అందుకే కష్టం వచ్చిందన్న కబురు ఒంట్లో మిగతా భాగాలకి చేరవేయడానికి కొన్ని రసాయనాల్ని వాడుకుంటుంది. వీటినే సంకేత అణువులు అంటారు. మన ఫోన్‌కి వచ్చే అలర్ట్ లాంటివన్నమాట.

ఉదాహరణకి నేల ఎండిపోయిందనుకోండి. మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. ఆ కబురు అందగానే ఆకుల మీదుండే సన్నటి పత్రరంధ్రాలు మూసుకుంటాయి. నీరు ఆవిరైపోవడం తగ్గుతుంది. కానీ ఇది ఫ్రీగా రాదు. కార్బన్ డై ఆక్సైడ్ లోపలికి వచ్చేదీ ఆ రంధ్రాల్లోంచే. తలుపు మూస్తే ఆకులో వంట మందగిస్తుంది, ఎదుగుదల తగ్గుతుంది. బతకడానికి మొక్క కట్టే ధర అది.

నీళ్లలో చిక్కుకున్న వాయువు

ఇక వరద సంగతి. మామూలుగా మొక్కలో తయారయ్యే ఇథిలీన్ గాల్లో కలిసిపోతుంది. చేను మొత్తం మునిగితే మాత్రం అది ఎటూ పోలేదు. వాయువులు గాల్లో కదిలినంత వేగంగా నీళ్లలో కదల్లేవు, దాదాపు 10,000 రెట్లు నెమ్మది. దాంతో ఇథిలీన్ మొక్కలోనే పేరుకుపోతుంది. 'మునిగిపోయాం' అన్న అలర్ట్ అదే.

ఈ అలర్ట్ అందాక మామూలు వరి కంగారుపడుతుంది. అబ్సిసిక్ ఆమ్లాన్ని తగ్గించుకుని, జిబ్బరెల్లిన్ అనే ఎదుగుదల హార్మోన్‌కి పగ్గాలు వదిలేస్తుంది. ఎలాగైనా తల నీటి పైకి పెట్టాలని గబగబా సాగుతుంది. దాచుకున్న పిండిపదార్థమంతా ఇందులోనే ఖర్చు. నీరు తీసేసరికి ఒంట్లో సత్తువ ఉండదు. చేను వాలిపోతుంది, చాలా దుబ్బులు మళ్లీ లేవవు.

ఒడిశా వరి దగ్గర దొరికిన కిటుకు

ఒడిశాలోని ఒక పాత దేశవాళీ వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే రకం ఉంది. ఇది దీనికి పూర్తి రివర్స్. ఇథిలీన్ అలర్ట్ వస్తే పరిగెత్తదు, ఆగిపోతుంది. ఎదుగుదలకి బ్రేక్ వేసి, పిండిపదార్థాన్ని పొదుపు చేసి, నీరు తీశాక దాంతో కొత్త ఆకు తొడుగుతుంది. దీని వెనకున్న జన్యువు పేరు సబ్1ఏ. దాన్ని గుర్తించిన పరిశోధన 2006లో వచ్చింది. జిబ్బరెల్లిన్ మాటని అడ్డుకునే ప్రొటీన్లని పెంచడమే ఈ జన్యువు చేసే ముఖ్యమైన పని.

కోడ్ రాసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. అలర్ట్ ఒక్కటే, దానికి ఏం చేయాలన్న ఫంక్షన్ మారింది. అంతే!

అలాగని ఆగిపోవడమే ప్రతిచోటా రైటనుకోవద్దు. నెలల తరబడి లోతు నీరు నిలిచే చోట్ల పండే వరి రకాలు వేరే ఉన్నాయి. వాటిలో స్నోర్కెల్ అనే జన్యువులు అదే ఇథిలీన్ అందుకుని కాండాన్ని రోజుకి 25 సెంటీమీటర్ల దాకా సాగదీయగలవు. నీరు పోదని ఖాయమైన చోట పైకి లేవడమే బతుకు. పది రోజుల్లో పోయే వరదకి ఓపికే మందు.

మన మార్టేరు స్వర్ణ

ఇందులో మన పాత్రా ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన స్థానంలో పుట్టిన ఎం.టి.యు. 7029 వరినే రైతులు 'స్వర్ణ' అంటారు. 1982లో విడుదలైన ఈ రకం ఒడిశా, బెంగాల్ దాకా పాకింది. దిగుబడి బాగుంటుంది గానీ ముంపుకి తట్టుకోదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు స్వర్ణకి ముంపుని తట్టుకునే సబ్1ఏ రూపాన్ని చేర్చారు. జన్యుమార్పిడి పంట కాదిది. రెండు వరి రకాల్ని సంకరం చేసి, మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలుపుతూ, ప్రతి తరంలోనూ ఆ జన్యువున్న మొక్కల్ని డీఎన్ఏ గుర్తులతో ఏరుకున్నారు. అలా వచ్చిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది.

ఒడిశా రైతుల పొలాల్లో చేసిన పరీక్షల ఫలితాలు 2013లో వచ్చాయి. పది రోజులు మునిగిన చేలల్లో స్వర్ణ కంటే స్వర్ణ సబ్1 దిగుబడి 45 శాతం ఎక్కువని అంచనా కట్టారు. వరద రాని ఏడాది దిగుబడి తగ్గిందీ లేదు. ఇంకో మాట కూడా ఆ పరిశోధనలో ఉంది. ముంపు ఎక్కువుండే పల్లపు భూములు మిగతావాళ్ల కంటే అట్టడుగు కులాలవాళ్ల చేతుల్లోనే ఎక్కువగా ఉన్నాయి. అంటే ఈ జన్యువు మేలు ముందుగా అందాల్సింది వాళ్లకే.

దీనికీ హద్దులున్నాయి

ఓపిక రెండు వారాల వరకే. నీరు బురదగా, వెచ్చగా ఉంటే అంతకాలం కూడా ఆగకపోవచ్చు. పైగా ఇది పంట ఎదిగే దశలో వచ్చే ముంపుకే పనికొస్తుంది. వెన్ను వేశాక, కోతల వేళ తుపాను వచ్చి చేను పడిపోతే సబ్1ఏ ఏమీ చేయలేదు. మురుగు కాలువలు పూడిపోయి నీరు వారాల తరబడి నిలిస్తే తప్పు విత్తనానిది కాదు, కాలువది.

మీ ఇంట్లో ఎవరైనా పల్లపు పొలం సాగుచేస్తుంటే ఈసారి విత్తనం కొనేముందు వ్యవసాయ అధికారిని రెండు ప్రశ్నలు అడగమనండి. 'ఈ రకం మునిగితే ఎన్ని రోజులు ఆగుతుంది? మా ప్రాంతానికి నప్పే ముంపు రకం ఏదైనా ఉందా?' దిగుబడి ఎన్ని బస్తాలని అందరూ అడుగుతారు. నీరు నిలిచే పొలానికి మాత్రం ముందు అడగాల్సినవి ఇవే.