చెట్లకు పెట్టిన ఊరగాయ

టమాటా నారు ట్రేలలో నింపే కోకోపీట్‌ను పలమనేరు, మదనపల్లె వైపు చూడనివాళ్లుండరు. “అందులో పీట్ అంటే ఏంది తాతా?” అని అడిగావు కదా. కోకోపీట్ కొబ్బరిపీచు పొట్టు నాయనా, పేరు మాత్రం అరువు. అసలు పీట్ సంగతి వంటింట్లో చెప్తా, రా.

అవ్వ పెట్టిన ఈ మామిడికాయ జాడీ చూడు. ఏడాదైనా ముక్క కుళ్లదు. పైన తేలే నూనె గాలిని దూరనీయదు; ఉప్పూ పులుపూ సూక్ష్మజీవుల ఆట కట్టిస్తాయి. చలిదేశాల చిత్తడి నేలలు పెట్టే ఊరగాయే పీట్. అక్కడ నిలవనీళ్లలో గాలి ఆడదు. స్ఫాగ్నం అనే నాచు ఆ నీళ్లను పుల్లగా మారుస్తుంది. పడిన గడ్డీ ఆకూ సగమే కుళ్లి, ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పేరుకుంటాయి. మీటరు మందానికి వెయ్యేళ్లు!

డెన్మార్క్‌లో 1950లో పొయ్యిలోకి పీట్ తవ్వుతున్నవాళ్లకు ఒక శవం కనబడింది. ఈమధ్యే ఎవరో చంపి పూడ్చారనుకుని పోలీసులను పిలిచారు. తీరా చూస్తే రెండువేల ఏళ్లు దాటిన మనిషి, గడ్డం మాసినట్టు వెంట్రుకలతో సహా!

మరి మన చెరువులో పీట్ ఎందుకు లేదంటావా? ఎండాకాలానికి నెర్రెలిస్తుంది కదా, జాడీ మూత తీసినట్టే. ఆకూ అలమూ మట్టయిపోతాయి. ఆ పూడిక మడికి బలమేగానీ పొయ్యికి పనికిరాదు. నీలగిరుల చల్లని లోయల్లో మాత్రం పీట్ ఉంది. దాని పొరల్ని బట్టి 20,000 ఏళ్లలో ఎప్పుడు తడి, ఎప్పుడు పొడి అని మనవాళ్లు లెక్కగట్టారు. ఆ లెక్క 1993లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చింది.

తవ్వినప్పుడు పీట్‌లో పదిపాళ్లకు తొమ్మిది నీళ్లే. ఇటుకల్లా కోసి ఆరబెడతారు, మన పిడకల మాదిరే. బొగ్గంత వేడి ఇవ్వదు, పొగ మాత్రం దండిగా. ఆ పొగతో స్కాట్లాండ్‌వాళ్లు విస్కీకి వాసన పట్టిస్తారు, అది నీకెందుకులే. పీట్ భూమిలో కోట్ల ఏళ్లు నలిగితే నైవేలి లిగ్నైట్‌లాంటిది, ఇంకా నలిగితే సింగరేణి బొగ్గులాంటిది.

భూమ్మీద నేలలో 3 శాతమే పీట్. అయినా అడవుల్లోని చెట్లన్నింటికన్నా ఎక్కువ కార్బన్ దాన్లోనే ఊరుతోంది. తవ్వితే అది గాలిలో కలుస్తుంది. అందుకే పీట్‌తో కరెంటు తీసిన ఐర్లండ్‌లో ప్రభుత్వ సంస్థ బోర్డ్ నా మోనా తవ్వకం ఆపేసినట్టు 2021 జనవరిలో ప్రకటించింది. తోటల్లో పీట్‌కు బదులు వాళ్లిప్పుడు వాడేవాటిలో మన కొబ్బరిపొట్టూ ఒకటి.