అలుగు లేని చెరువు, హద్దు లేని ఆశ

ఉప్పల్: చెరువు అన్నాక మూడు ఉండాలి. నీటిని నిలిపే కట్ట, అవసరానికి వదిలే తూము, ఎక్కువైన నీటిని సాగనంపే అలుగు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ చెరువు ఊరికి మేలు చేయదు. సంసారమూ అంతే. సంపాదన నిలవాలి, వేళకు ఖర్చుకు రావాలి, మిగిలినది పదిమందికీ అందాలి. ఈ సంగతి తెలుసుకోవడానికి పెద్ద గ్రంథాలు చదవనక్కరలేదు. ఉప్పల్, నాచారం గ్రామాల కథ చాలు.

ఇప్పుడు మహానగరంలో కలిసిపోయిన ఈ రెండూ ఒకనాడు చెరువుల కింద బతికిన ఊళ్ళే. ఉప్పల్‌కు నల్లచెరువు, నాచారానికి పెద్దచెరువు ఉన్నాయి. మూసీ ఒడ్డున ఉన్న ఉప్పల్ భాగాయత్ పేరులోనే తోటల సాగు ఉంది. చెరువు సగమే నిండిన ఏడు ఆయకట్టులో కొంత భాగమే నాటుకుని సరిపెట్టుకోవడం పల్లెల్లో ఆనవాయితీ. నీళ్ళెన్నో చూసుకుని నారు పోయడమే ఆనాటి పొదుపు.

నీళ్ళు పోయి నోట్లు వచ్చాయి

తరువాత నాచారంలో కర్మాగారాలు వెలిశాయి. 2007లో ఉప్పల్ మహానగర పాలక సంస్థలో కలిసింది. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చింది. హుడా ఉన్న కాలంలో రైతుల నుంచి సేకరించిన ఉప్పల్ భాగాయత్ భూముల్లో ప్లాట్లు వేసి 2019లో వేలం వేస్తే, గజం ధర 70 వేల రూపాయలు దాటింది. గజాల లెక్క ఎరుగని నేల మీద గజానికి అంత పలకడం చూసి ముక్కున వేలేసుకోని వారు లేరు.

నగరం చుట్టూ భూమి అమ్ముకున్న ఇండ్లను చూస్తే తేడా తెలుస్తుంది. అప్పులు తీర్చి, పిల్లలను చదివించి, దూరాననైనా రెండెకరాలు కొనుక్కున్న ఇంట్లో డబ్బు నిలిచింది. కార్లకు, ఆర్భాటపు పెళ్ళిళ్ళకు, అధిక వడ్డీ ఆశకు తూములన్నీ ఒక్కసారే ఎత్తిన ఇంట్లో మడుగు ఎండింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలు ఊరికే అనలేదు.

నీరు దారి మరువదు

ఆశకు హద్దు లేకపోతే ఏమవుతుందో 2020 అక్టోబరు 13న రాత్రి కురిసిన వాన చూపింది. పక్కనున్న ఘట్‌కేసర్ ప్రాంతంలో 30 సెంటీమీటర్లకు పైగా వర్షం పడింది. ఉప్పల్ నల్లచెరువు పొంగి వరంగల్ రహదారి మీదికి వచ్చింది. ఒకప్పుడు పై చెరువు అలుగు నీరు కింది చెరువుకు చేరేది. గొలుసుకట్టు అంటే అదే. కాలువలు పూడ్చి, శిఖం భూముల్లో ఇండ్లు కడితే నీరు వీధుల్లోకే వస్తుంది. పూడ్చినవారు ఒకరు, మునిగినవారు మరొకరు కావడమే విచారకరం.

నేడు ఘట్‌కేసర్, కీసర, శామీర్‌పేట రైతుల గడపలో బేరగాళ్ళు కూర్చుంటున్నారు. అమ్మడం తప్పని కాదు. అక్కరకు అమ్మక తప్పదు. అయితే బయానా పుచ్చుకునే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలి. ఆడవారి మాట కూడా వినాలి. అప్పులకెంత, పిల్లలకెంత, ముసలి తల్లిదండ్రుల వైద్యానికెంత అన్నది కాగితం మీద రాసుకోవాలి. కొనేవారు సైతం గ్రామ నక్షా చూసి, ఆ స్థలం చెరువు శిఖంలో ఉందో లేదో తహసీల్దారు కార్యాలయంలో విచారించుకోవాలి.

తరతరాల భూమి చేయి మారడానికి ఒక్క సంతకం చాలు. ఆ సంతకానికి ముందు ఒక్క రాత్రి ఆగి ఆలోచించినందువల్ల నష్టమేమీ లేదు.