విశ్వవిద్యాలయ పరిశోధన ప్రభావం – ఆదివాసీ సమాజాల భాగస్వామ్యం

'శుధ్' ధాతువుకు శౌచం అర్థం. దానికి 'పరి' ఉపసర్గ చేరగా ఏర్పడిన 'పరిశోధన' శబ్దం, విషయాన్ని అన్ని వైపుల నుండి పరికించి దోషాలను తొలగించి నిర్మలం చేయడాన్ని బోధిస్తుంది. తాళపత్రప్రతుల పాఠాలను పరిష్కరించే పండితులకు ఈ అర్థం అనుభవసిద్ధమే. అయితే న్యూజిలాండుకు చెందిన మావోరీ విదుషి లిండా తుహివాయి స్మిత్, 1999లో వెలువరించిన పరిశోధనపద్ధతుల విమర్శగ్రంథంలో, వలసపాలనకు లోనైన ఆదివాసులకు ఈ పదమే మలినమైనదిగా తోస్తున్నదని పేర్కొన్నారు. శుద్ధిని తెలుపవలసిన మాట కొన్ని జనసముదాయాలకు మాలిన్యాన్ని స్ఫురింపజేయడానికి హేతువేమి? విశ్వవిద్యాలయాలు తమ పరిశోధనకు 'ప్రభావం' కలదని నిరూపించుకోవలసి వస్తున్న ఈ కాలంలో ఈ ప్రశ్న మరింత విచారణీయమవుతున్నది.

ప్రభావం – దాని కొలమానం

బ్రిటన్‌లో 2014లో జరిగిన జాతీయ పరిశోధన మూల్యాంకనంలో 'ప్రభావం' తొలిసారిగా ఒక ప్రత్యేకాంశమైంది. విద్యాలోకానికి వెలుపల సమాజం, సంస్కృతి, ఆర్థికవ్యవస్థ, ప్రభుత్వవిధానం, ఆరోగ్యం, పర్యావరణం మొదలైన వాటిలో పరిశోధన వలన కలిగిన మార్పు లేదా మేలు అని దానికి నిర్వచనం. మొత్తం మూల్యంలో దీనికి 20 శాతం కేటాయించారు; 2021 నాటికి అది 25 శాతమైంది. 2014లో 6,975 ప్రభావవృత్తాంతాలు పరిశీలనకు వచ్చాయి. ఆస్ట్రేలియా కూడా 2018లో ఇట్టి మూల్యాంకనం నిర్వహించి, ఆదివాసీ, టోరెస్ జలసంధి ద్వీపవాసుల విషయకమైన పరిశోధనకు ప్రత్యేక విభాగం కల్పించింది. మన దేశంలో 2015లో ప్రకటితమైన జాతీయ ర్యాంకుల విధానంలో సామాజిక విస్తృతి, సమ్మిళితత్వం అనే శీర్షిక ఉన్నప్పటికీ, దాని కింద ముఖ్యంగా లెక్కించేది విద్యార్థుల వైవిధ్యాన్నే గాని పరిశోధనకు గురైన సమాజం పొందిన ఫలాన్ని కాదు.

బ్రిటన్ పద్ధతిలో రెండు లక్షణాలు గమనింపదగినవి. మొదటిది: పరిశోధన ముందు, ప్రభావం తరువాత అనే క్రమం. రెండవది: ప్రభావవృత్తాంతాన్ని రచించి సమర్పించేది విశ్వవిద్యాలయమే. మేలు పొందినట్లు చెప్పబడిన సమాజం ఇందులో సాక్షి కావచ్చునేమో గాని నిర్ణేత కాదు. పరిశోధకుడు సద్బుద్ధి కలవాడైనా, ఈ అమరికలో ఆదివాసులు వృత్తాంతానికి వస్తువుగా మిగిలిపోయే ప్రమాదం కలదు.

హవసుపాయి ఉదంతం

అనుమతి నామమాత్రమైనప్పుడు ఏమి జరుగునో తెలుపడానికి అమెరికాలోని హవసుపాయి తెగ ఉదంతం చక్కని నిదర్శనం. గ్రాండ్ కాన్యన్ లోయలో నివసించే ఈ తెగలో మధుమేహం ప్రబలింది. దాని కారణం తెలిస్తే మేలు కలుగునన్న ఆశతో వారు 1990 నుండి అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులకు రక్తనమూనాలు ఇచ్చారు. ఆ నమూనాలు తరువాత మనోవ్యాధి, రక్తసంబంధుల సంతతి, ప్రాచీన వలసలు అనే విషయాల అధ్యయనానికి కూడా వినియోగింపబడ్డాయి. తాము ఆ లోయలోనే ఆవిర్భవించామన్నది ఆ తెగ విశ్వాసం. వలసల అధ్యయనం ఆ విశ్వాసాన్నే తాకింది. 2004లో వ్యాజ్యం మొదలై 2010లో రాజీతో ముగిసింది. 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించడానికి, మిగిలిన నమూనాలను తిరిగి ఇవ్వడానికి విశ్వవిద్యాలయం అంగీకరించింది. పరిశోధకుల దృష్టిలో రక్తం దత్తాంశం. ఇచ్చిన వారి దృష్టిలో అది తమ శరీరభాగం, పూర్వికుల అంశ. ఈ దృష్టిభేదాన్ని ముందుగా గుర్తింపకపోవడమే వివాదానికి మూలం.

సమాజాలు ఏర్పరచుకొన్న నియమాలు

ఇట్టి అనుభవాల ఫలితంగా ఆదివాసీ సమాజాలు తామే నియమాలను నిర్ణయింప మొదలుపెట్టాయి. కెనడా ఆదిమజాతులు 1998లో నాలుగు సూత్రాలు రూపొందించాయి: తమను గురించిన సమాచారంపై స్వామ్యం, నియంత్రణ, దానిని పొందే వీలు, దానిని తమ వద్ద ఉంచుకొనే అధికారం. దక్షిణాఫ్రికాలోని సాన్ జనులు 2017లో గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, సక్రమ విధానం అనే ఐదింటితో పరిశోధన నియమావళి ప్రకటించారు. ఈ నియమాలు పరిశోధనను నిషేధింపవు. ఏ ప్రశ్న అడగాలి, సమాధానం ఎవరి వద్ద ఉండాలి అనే నిర్ణయాలలో సమాజానికి భాగం కల్పిస్తాయి. కాన 'భాగస్వామ్యం' అనగా పరిశోధన ముగిసిన పిదప ఫలితాలను వినిపించే సభ కాదు. ప్రశ్న పుట్టినప్పుడే మొదలు కావలసిన సంబంధం.

గిడుగువారి సవరసేవ

తెలుగువారికి ఈ విషయం సర్వథా నూతనం కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) సవరలతో పరిచయం కలిగి, సవరభాషీయుని సహాయంతో వారి భాషను అభ్యసించారు. ఆ భాషలో పుస్తకాలు రచించి, సొంత ధనంతో బడులు నెలకొల్పి, ఉపాధ్యాయులకు జీతాలు చెల్లించి, సవరబాలురకు వారి భాషలోనే విద్య చెప్పించారు. ఆయన ప్రామాణిక సవరభాషా గ్రంథం మద్రాసులో అచ్చయినది 1931లో. సవర–ఆంగ్ల నిఘంటువు 1938లో.

ఈ కాలక్రమం విచార్యం. ఇక్కడ బడి ముందు, మహాగ్రంథం తరువాత. పరిశోధన ముందు, ప్రభావం తరువాత అనే కొలమానంతో కొలిచినచో, గిడుగువారి బడులు ఆ గ్రంథపు ఖాతాలో చేరనే చేరవు. వాస్తవంలో బోధన, భాషాధ్యయనం పరస్పరం పోషించుకొన్నాయి. పిల్లలకు చెప్పడానికి భాష నేర్వవలసి వచ్చింది. నేర్చిన భాష శాస్త్రంగా రూపొందింది. మేలైన ప్రభావం పరిశోధనకు తోకగా కాక ఊపిరిగా ఉండగలదనడానికి ఇది తార్కాణం.

ఆదిలాబాదు జిల్లా గుంజాలలో వెలుగుచూసిన గోండిలిపి ప్రతుల చరిత్ర ఇటీవలి మరొక ఉదాహరణం. ఆ లిపిని చదువగల గ్రామవృద్ధుల తోడ్పాటు లేనిదే ఆ ప్రతులు మూగవిగా ఉండెడివి. హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకుల కృషితో అవి లోకానికి తెలిశాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ప్రతి పండితునిదైనా పాఠం చెప్పినది గ్రామమే.

ఉపసంహారం

ప్రాచ్యకళాశాలలలో కోయ, గోండు, చెంచు, సవర గేయాలను, కథలను సేకరించి పట్టాలు పొందేవారు కలరు. అట్టి సిద్ధాంతగ్రంథంలో గాయకుని పేరు అతడు కోరిన రీతిగా ఉన్నదా, పరులు వినరాదని ఆ తెగ భావించే గేయం అచ్చయినదా, ముద్రితప్రతి ఆ ఊరికి చేరినదా అనే మూడు ప్రశ్నలను పర్యవేక్షకులు అడగడం అవసరం. ప్రాచీనకవి పాఠాన్ని ఒక్క అక్షరం మార్చడానికి జంకే పండితుడు, జీవించి ఉన్న గాయకుని మాట విషయంలో అంతకంటె తక్కువ జాగరూకత వహించడం యుక్తం కాదు. పరిశోధన అనే మాటలోని శుద్ధి గ్రంథానికే పరిమితం కాక సేకరణకూ వర్తించినప్పుడే ఆ శబ్దం సార్థకమవుతుంది.